ట్రాక్టర్ బ్యాటరీని తాగేస్తున్న దొంగ ఎవరు?

ఆగస్టులో ఒక శనివారం పొద్దున్నే నాయిన ఫోన్. "మళ్ల స్టార్ట్ అయితలేదురా. తాళం తిప్పితే టక్ మంటుంది, అంతే."

మాది నందికొండ నుంచి హాలియా పోయే దారిలో ఒక పల్లె. పొలమంతా సాగర్ ఎడమ కాలువ కిందే. 1967 ఆగస్టు 4న సాగర్ కాలువల్లోకి మొదటిసారి నీళ్లు వదిలారు. అప్పటి నుంచీ మా దగ్గర క్యాలెండర్ అంటే కాలువే. నీళ్లొచ్చాయంటే దమ్ము చేయాలి, నాట్లు పడాలి. సరిగ్గా ఆ టైంలో ట్రాక్టర్ మొరాయిస్తే, మాట్లాడుకున్న కూలీలు వేరే పొలానికి వెళ్లిపోతారు.

పైగా ఏడాదిలో ఇది రెండో బ్యాటరీ. దాంతో నాయిన అనుమానం డ్రైవర్ అన్న మీద పడింది. "రాత్రిపూట లైట్లు ఆర్పకుండ పోతున్నడు. ఈ నాట్లయినంక వేరేటోన్ని చూసుకుందాం" అన్నాడు. ఆ అన్న పదేళ్లుగా మా ట్రాక్టర్ నడుపుతున్నాడు.

ఆఫీసులో నా పని సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. అక్కడ నేర్చుకున్నది ఒకటే: కొలవకుండా ఎవరి మీదా నెపం వేయొద్దు. మల్టీమీటర్ బ్యాగులో వేసుకుని బస్సెక్కాను.

ముందు ఒక ప్రశ్న

బ్యాటరీ ఎప్పుడు పడుకుంటోంది? రోజూ నడిపితే ఏ ఇబ్బందీ లేదు. నాలుగు రోజులు ఆపితేనే చచ్చిపోతోంది. అంటే దొంగ బండి ఆగి ఉన్నప్పుడే పని చేస్తున్నాడన్నమాట.

బ్యాటరీది తప్పా?

టర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పూత ఉంటే కరెంటు సరిగ్గా పారదు. తినే సోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో కడిగి, తుడిచి, బిగించి, పైన వాజలిన్ రాయాలి. లోపల ప్లేట్లు మునిగేలా డిస్టిల్డ్ వాటర్ ఉండాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి, యాసిడ్ కాదు. ఆ దగ్గర్లో బీడీ ముట్టించొద్దు, ఛార్జింగప్పుడు వచ్చే హైడ్రోజన్ అంటుకుంటుంది.

తర్వాత ఫుల్ ఛార్జ్ చేసి, వైర్లు విప్పేసి రాత్రంతా వదిలేశాం. నిండా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ 12.6 దాకా చూపాలి. 12.2 అంటే సగమే ఉన్నట్టు. 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. పొద్దున చూస్తే 12.6. వైర్లు బిగించి స్టార్ట్ చేసినప్పుడు 10.4కి దిగింది. 9.6 కంటే కిందికి పోతే బ్యాటరీ బలహీనపడిందని అనుమానించాలి. మాది బాగానే ఉంది.

ఆల్టర్నేటర్‌దా?

ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. 12.6 దగ్గరే ఆగితే ఛార్జింగ్ ఎక్కట్లేదని అర్థం. మాకు 14.1 వచ్చింది. అదీ బాగుంది.

దొంగ దొరికాడు

ఇక మిగిలింది లీకేజీ. ఇంజిన్ ఆపి, తాళం తీసి, నెగటివ్ కేబుల్ విప్పాను. మీటర్‌ను 10 ఆంపియర్ల మీద పెట్టి, ఆ కేబుల్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్యలో కలిపాను. ఇలా పెట్టినప్పుడు పొరపాటున కూడా తాళం తిప్పొద్దు. స్టార్టర్ లాగే కరెంటుకు మీటర్ పాడైపోతుంది.

మా పాత ట్రాక్టర్‌లో ఆ టైంలో దాదాపు సున్నా చూపాలి. చూపింది 0.6 ఆంపియర్లు. మా బ్యాటరీ 75 ఆంపియర్-అవర్లది. గంటకు 0.6 చొప్పున నాలుగు రోజుల్లో 58 దాకా పోతుంది. లెక్క సరిపోయింది.

ఒక్కో ఫ్యూజూ పీకి చూశాం. అంకె కదల్లేదు. ఆల్టర్నేటర్ వైరు విప్పాం. ఊహూఁ. అప్పుడు డ్రైవర్ అన్న సీటు కింద చెయ్యి పెట్టి ఒక ఎర్ర వైరు చూపించాడు. "ఇదేంది తమ్మీ?"

అది చూడగానే నాకు గొంతు తడారిపోయింది. పోయిన దసరాకు పాటల కోసం నేను తెచ్చిన ఆంప్లిఫైయర్ వైరు అది. తాళంతో సంబంధం లేకుండా, ఫ్యూజ్ కూడా లేకుండా, నేరుగా బ్యాటరీకి కలిపింది నేనే. పాట ఆగినా ఆంప్లిఫైయర్ మెలకువగానే ఉంటోంది. వైరు పీకగానే మీటర్ సున్నాకు పడిపోయింది. అది ఎక్కడైనా ఒరుసుకుని షార్ట్ అయి ఉంటే ట్రాక్టరే అంటుకునేది.

మొదటి బ్యాటరీని చంపిందీ అదే అయ్యుంటుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ మాటిమాటికీ ఖాళీ అయి అలాగే ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పూర్తిగా నిండదు.

బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్, తాళం తిప్పితేనే కరెంటు వెళ్లేలా ఒక రిలే పెట్టించాం. కొత్త బ్యాటరీ కంటే ఎంతో తక్కువ ఖర్చు. మీ ఇంట్లోనూ బ్యాటరీ ఇలాగే సతాయిస్తుంటే కొత్తది కొనేముందు మీటర్ పెట్టి చూడండి.

నాయినకు జరిగింది చెప్పాను. డ్రైవర్ అన్నకు సారీ కూడా చెప్పాను. "పాటలు మాత్రం బంద్ పెట్టకు తమ్మీ" అని నవ్వాడు. నాయిన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రాత్రి అన్నం తిన్నాక ఆయనే అన్నకు ఫోన్ చేశాడు. "పొద్దుగాల ఐదింటికి రా. కేజ్‌వీల్స్ ఎక్కిద్దాం. చాయ్ ఇక్కన్నే తాగుదువు."

మా నాయిన సారీ చెప్పడం అంటే అదే.