మన రక్తమే దాని అన్నం

మలేరియా వచ్చిన బిడ్డకు రక్తం తగ్గిందని చెబితే, "తిండి బాగానే పెడుతున్నాం కదమ్మా" అని తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. వారు చెప్పేది నిజమే. అయితే బిడ్డ రక్తాన్నే అన్నంగా చేసుకున్న జీవి ఒకటి లోపల ఉంది.

చెట్టు ఎండ, నీరు, గాలితో తన ఆహారం తానే తయారుచేసుకుంటుంది. ఆవు గడ్డి మేస్తుంది. పుట్టగొడుగు కుళ్ళిన కర్ర మీద బతుకుతుంది. మరో ప్రాణి ఒంటిని ఆశ్రయించి, దాన్నే తిని బతికేవి పరాన్నజీవులు. పేరులోనే ఉంది, పరుల అన్నంతో జీవించేవని.

మలేరియా క్రిమి ఎర్రరక్తకణంలో దూరి హిమోగ్లోబిన్‌ను తింటుంది. అందులో ఇనుము ఉన్న భాగం దానికి విషం. అందుకని ఆ భాగాన్ని నల్లటి రేణువులుగా మార్చి పక్కన పెడుతుంది. కణం పగిలి కొత్త క్రిములు బయటపడినప్పుడే చలి, వణుకు, జ్వరం.

ఆ ఎంగిలి రేణువులే దాన్ని పట్టించాయి. మనకు దగ్గరలోని బేగంపేటలో 1897 ఆగస్టు 20న డాక్టర్ రొనాల్డ్ రాస్ ఒక దోమ పొట్టను కోసి, దాని గోడలో ఆ నల్లటి రేణువులను చూశారు. మలేరియా దోమల్లో పెరుగుతుందని అలా తెలిసింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దోమలచేత కుట్టించుకున్న రోగి హుస్సేన్ ఖాన్‌కు దోమకు ఒక అణా చొప్పున ముట్టింది. ఆయన పేరు కూడా గుర్తుంచుకోవలసిందే.

ఆడదోమ రక్తం తాగేది గుడ్ల కోసం. మగదోమ పూల తేనెతో, మొక్కల రసంతో సరిపెట్టుకుంటుంది, పాపం దాన్ని తిట్టనక్కరలేదు. దోమపిల్లలు నిలిచిన నీటిలోని నాచును, సూక్ష్మక్రిములను తిని పెరుగుతాయి. పట్నంలో మలేరియా దోమ మేడమీది ట్యాంకులో, సంపులో, బావిలో మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది. మురుగు కాలువ ఒక్కటే చూస్తే చాలదు. ట్యాంకుకు మూత బిగించండి. తొట్లను వారానికొకసారి ఖాళీచేసి, రుద్ది ఆరబెట్టండి.

క్లోరోక్విన్ మాత్ర ఆ రేణువులు తయారు కాకుండా అడ్డుకుంటుంది. అప్పుడు క్రిమికి తిన్న తిండే విషమవుతుంది. కానీ అన్ని రకాల మలేరియాకూ ఆ మాత్ర ఇప్పుడు పనిచేయదు. కనుక మందుల షాపులో అడిగి మింగకండి, ముందు రక్తపరీక్ష చేయించండి. వైవాక్స్ రకం కాలేయంలో దాగి నెలల తర్వాత మళ్ళీ లేస్తుంది. దానికి 14 రోజుల ప్రిమాక్విన్ కోర్సు రాస్తారు. నాలుగో రోజుకు జ్వరం తగ్గిందని ఆపవద్దు. గర్భిణులకు, పసికందులకు ఆ మాత్ర ఇవ్వరు. నెల తప్పి ఉంటే చీటీ రాయకముందే డాక్టరుగారికి చెప్పండి.