బ్రేకు బిగుసుకొనుట ఏల?

వికారాబాదు నుండి తాండూరుకు పోవు రోడ్డు అనంతగిరి కొండల మలుపులలో సాగును. వానకాలమంతయు ఇంటిముందు కదలక నిలిచియున్న నా పాత కారును ఒక ఆదివారమునాడు ఆ దారిన నడిపినాను. ధారూరు చేరునప్పటికి కారు ఎడమవైపునకు లాగసాగినది. మాడు వాసన కూడ వచ్చినది. దిగి చూడగా ముందరి ఎడమ చక్రము చేయి దగ్గరకు పోనీయనంత వేడిగా ఉన్నది. తక్కిన చక్రములు అట్లు లేవు. నేను పెడలు మీదినుండి కాలు తీసినను ఆ ఒక్క చక్రమును బ్రేకు విడువలేదన్నమాట. మెకానిక్కులు దీనిని ‘బ్రేకు జామైనది’ అందురు.

నొక్కినప్పుడు పట్టిన బ్రేకు, వదలినప్పుడు ఏల వదలలేదు? ఈ ప్రశ్నకు జవాబు మన హైస్కూలు పాఠములలోనే ఉన్నది.

నొక్కు బలము, వెనుకకు లాగు బలము

నేటి కార్ల ముందు చక్రములకు సాధారణముగా డిస్కు బ్రేకులు ఉండును. డిస్కు అనగా చక్రముతోపాటు తిరుగు ఇనుప బిళ్ళ. దానికి ఇరుప్రక్కల రెండు ప్యాడ్లు ఉండును. వీటిని పటకారువలె డిస్కుకు అదుము భాగమే క్యాలిపర్. ఇంగ్లండులో లాంచెస్టర్ 1902లోనే ఇట్టి బ్రేకునకు పేటెంటు పొందినను, ఇది కార్లలో వ్యాపించుట 1950 తరువాతనే.

పెడలును నొక్కగా మాస్టరు సిలిండరులోని బ్రేకు ద్రవమునందు పీడనము పెరుగును. పాస్కల్ (1623–1662) సూత్రము ప్రకారము ఆ పీడనము క్యాలిపర్ పిస్టనును చేరును. మాస్టరు సిలిండరు వ్యాసము 20 మిల్లీమీటర్లు, పిస్టను వ్యాసము 50 మిల్లీమీటర్లు అనుకొందము. వైశాల్యములు వ్యాసముల వర్గములను బట్టి ఉండును గనుక, బలము 6.25 రెట్లగును.

మరి పిస్టనును వెనుకకు లాగునది ఏది? అందుకు వేరుగా స్ప్రింగు లేదు. పిస్టను చుట్టు ఒక రబ్బరు సీలు ఉన్నది. పిస్టను ముందుకు పోవునప్పుడు అది కొంచెము వంగును; పీడనము తొలగగానే పూర్వాకారమును పొందుచు, పిస్టనును మిల్లీమీటరులో కొద్ది భాగము వెనుకకు లాగును. నొక్కుటకు వందల కిలోల బలము. విడిపించుటకు రబ్బరు యొక్క స్థితిస్థాపకత మాత్రమే! అందువలన కొంచెము తుప్పు చేరినను బ్రేకు పట్టును గాని, విడువదు.

చాల కార్లలో పిస్టను లోపలివైపుననే ఉండును. అది లోపలి ప్యాడును నొక్కగా, ప్రతిచర్య వలన క్యాలిపర్ రెండు పిన్నుల మీద జరిగి వెలుపలి ప్యాడును డిస్కునకు అదుమును. ఈ పిన్నులు బిగుసుకొన్నచో ప్యాడ్లు సమానముగా అరుగవు.

సందులో చేరు శత్రువు

ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిసి తుప్పు ఏర్పడును. తుప్పు తాను తినివేసిన ఇనుముకంటె రెండు రెట్లకు మించిన చోటును ఆక్రమించును. పిన్నుకు, అది దూరిన రంధ్రమునకు నడుమ ఉన్న సందు మిక్కిలి సన్నము. రబ్బరు తొడుగు చినిగి అందులో నీరు చేరెనా, తుప్పు ఉబ్బి సందును పూడ్చివేయును. తాండూరు నాపరాతి గనుల ప్రాంతములలోవలె దుమ్ము మెండుగా ఉన్నచోట, ఆ దుమ్ము తడిని పట్టి ఉంచి రాపిడిని కూడ కలిగించును.

వేడివలన అపాయము

1000 కిలోల కారు గంటకు 72 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 20 మీటర్లు, పోవునప్పుడు దాని గతిజశక్తి 2 లక్షల జౌళ్ళు. ఒక్కసారి ఆపిన పుట్టు ఈ వేడితో సుమారు 680 గ్రాముల నీటిని 30 డిగ్రీల నుండి 100 డిగ్రీలకు కాచవచ్చును. విడువని బ్రేకు దారిపొడుగునా వేడిని పుట్టించుచునే ఉండును.

బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్-3 రకపు కొత్త ద్రవము 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరుగరాదని ప్రమాణము, 3.7 శాతము నీరు చేరినప్పుడు ఆ హద్దు 140 డిగ్రీలే. ద్రవము మరిగినచో ఆవిరి పుట్టును. ద్రవము నొక్కుడు పడదు, ఆవిరి పడును. అప్పుడు పెడలు నేలకు తగులును గాని బ్రేకు పడదు. కొండ దిగునప్పుడు ఇట్లైనచో ప్రాణాపాయమే.

ఇంటివద్ద చేయదగినది

పని తెలిసినవారి ప్రక్కన నిలిచి ముందుగా నేర్చుకొనవలెను. చక్రము చల్లారిన పిదప, కారును చదునైన నేలమీద నిలిపి, హ్యాండుబ్రేకు వేసి, వెనుక చక్రములకు అడ్డు పెట్టవలెను. జాకీని మాత్రమే నమ్మరాదు, స్టాండు తప్పనిసరి. విప్పిన క్యాలిపరును రబ్బరు గొట్టముతో వ్రేలాడనీయక తీగతో కట్టవలెను. బ్రేకు దుమ్మును నోటితో ఊదరాదు.

పిన్ను రానిచో సుత్తితో మోదరాదు. తుప్పు వదలించు నూనెను కొద్దిగా వేసి, నాననిచ్చి, అటునిటు త్రిప్పుచు మెల్లగా లాగవలెను. నూనె ప్యాడ్లకు, డిస్కునకు, రబ్బరునకు తగులరాదు. గుంటలు పడిన పిన్నును మార్చవలెను. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బించును; బ్రేకు పిన్నులకై అమ్ము సిలికోను గ్రీజును పలుచగా పూసి, కొత్త తొడుగు వేయవలెను.

పిస్టనే బిగుసుకొన్నచో అంతటితో ఆగి మెకానిక్కును పిలువవలెను. గాలి పంపుతో దానిని వెలికి తీయబోయిన, అది తూటావలె వచ్చి వ్రేళ్ళను నలుగగొట్టును. పని ముగిసిన తరువాత, కారు కదలకముందే పెడలు గట్టిపడువరకు పలుమార్లు నొక్కి, పిమ్మట ఖాళీ స్థలములో మెల్లగా నడిపి పరీక్షింపవలెను.

నా కారులో చినిగినది ఒక పిన్ను తొడుగు మాత్రమే. వాహనమును నెలల తరబడి నిలిపి ఉంచకుండుట, తొడుగులను ఏటేట చూచుకొనుట, బ్రేకు ద్రవమును తయారీదారు చెప్పిన గడువులో మార్చుట — ఈ మూడును పాటించినచో సుత్తి అవసరము సాధారణముగా రాదు.