ఒకటి కొత్తదా? మూడు పాతవా?

ఇంట్లోకి యంత్రం కొనవలసి వచ్చినప్పుడల్లా గృహస్థుకు ఎదురయ్యే చిక్కు ఒకటున్నది. చేతిలోని డబ్బుతో కొత్తది ఒక్కటి కొనడమా, అదే డబ్బుకు పాతవి రెండో మూడో కొనడమా? కుట్టుమిషను మొదలు పడవదాకా యీ ప్రశ్న పాతదే. ఇప్పుడది కంప్యూటరు లోపలికి కూడా ప్రవేశించింది. నెల్లూరికి తూర్పున, సముద్రపు టొడ్డున వున్న మైపాడులో ఒక బోటు యజమాని ఇంట కొన్నాళ్లపాటు ఇదే చర్చ జరిగింది.

ఆయన కుమార్తె ఇంటర్మీడియట్‌లో నా శిష్యురాలు. ప్రస్తుతం ఇంజనీరింగు చదువుతున్నది. ఫోటో చూపితే ఇది వంజరం, ఇది చందువ, ఇది కానాగంత అని కంప్యూటరు చెప్పేలా తయారుచేయాలని ఆమె పట్టుదల. అందుకు గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఒక వ్యాపారి 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5060 టీఐ ఒకటి గానీ, సుమారు అంతే వెలకు 2017 నాటి జీటీఎక్స్ 1080 టీఐలు మూడు గానీ ఇస్తానన్నాడు. అవి చూస్తే వేట నిషేధపు రోజులు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 రోజులు మరబోట్లు ఒడ్డునే వుంటాయి. ఆ రోజుల్లో ప్రతి రూపాయీ లెక్క చూసి తీయవలసిందే.

ఇంతకూ గ్రాఫిక్స్ కార్డు అంటే ఏమిటి? తెరమీద బొమ్మలు గీయడానికి పుట్టిన పరికరం. బొమ్మలో లక్షలాది చుక్కలుంటాయి. ఒక్కొక్క చుక్క రంగునూ లెక్కకట్టాలి. ఒక మహాపండితుడు వరుసగా కూర్చుని కట్టేకంటే, వేలమంది బడిపిల్లలు తలా ఒక చిన్న లెక్క ఏకకాలంలో చేస్తే పని త్వరగా తెములుతుంది. ఆ పిల్లల గుంపే యీ కార్డు. వాళ్లు రాసుకునే పలక కార్డుమీది మెమొరీ. పాత కార్డు పలక 11 గిగాబైట్లు, కొత్తదానిది 16. మూడు పాతవి కలిపితే 33! తొలిచూపున పాతవే లాభమనిపిస్తుంది.

అప్పుడు తండ్రి ఒక మాట అడిగాడు. "సారూ, మూడు తెప్పలు కలిపి కడితే ఒక బోటు అవుద్దా?"

రహస్యమంతా ఆ మాటలోనే వుంది. గేలాలు వేసే పని అయితే మూడు తెప్పలు మూడు దిక్కులకు పోయి మూడింతలు తెస్తాయి. యానిమేషన్ చిత్రాల పని అటువంటిది. ఒక్కొక్క బొమ్మను ఒక్కొక్క కార్డుకు పంచి ఇవ్వవచ్చు. ఐతే అక్కడకూడా దృశ్యమంతా ప్రతి కార్డు పలకమీదా విడివిడిగా పట్టాలి. అంటే 33 కాదు, 11 మాత్రమే! ఒడ్డునుంచి పెద్దవల లాగే పని వేరు. అందరూ ఒకే కేకకు లాగాలి, ఒకరికోసం ఒకరు ఆగాలి. ఒకే పెద్ద లెక్కను మూడు కార్డులకు కోసిపెడితే, ఒకదాని ఫలితం ఇంకొకదానికి చేరేదాకా మిగతావి చేతులు కట్టుకుని కూర్చునే అవకాశం హెచ్చు. ఇక ఆటల సంగతి చెప్పనే అక్కరలేదు. కార్డులను జతకట్టి ఆడించే ఏర్పాట్లను కొత్త ఆటలకు సమకూర్చడం ఎన్‌విడియా కంపెనీ 2021 నుంచి మానివేసింది.

అంతమాత్రాన జతకట్టడం వృథా అనుకోరాదు. 2012లో టొరాంటో విశ్వవిద్యాలయంలో క్రిజెవ్‌స్కీ, సట్స్‌కెవర్, హింటన్ అనే ముగ్గురు, బొమ్మలను గుర్తుపట్టే విద్యలో ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. వారు వాడినవి 3 గిగాబైట్ల జీటీఎక్స్ 580 కార్డులు రెండే. ఒక్కదానిలో పట్టకపోవడంచేత లెక్కను రెండుగా చీల్చి, కొన్ని మెట్లదగ్గర మాత్రమే కార్డులు మాట్లాడుకునేలా కూర్చారు. 12 లక్షల బొమ్మలు నేర్పడానికి అయిదారు రోజులు పట్టింది. మన దేశంలో 1991లో పూణేలోని సీ-డాక్ నిర్మించిన పరమ్ 8000 కూడా చిన్న ప్రాసెసర్లను అనేకం కలిపి కట్టినదే. ఐతే రెండుచోట్లా గొప్ప అంతా పని పంచిన నేర్పుది. ఆ నేర్పు కార్డులతోపాటు డబ్బాలో రాదు!

ఇక ఖర్చు చూద్దాం. పాతది ఒక్కొక్కటి 250 వాట్లు. మూడూ పూర్తి బరువుమీద రోజుకు 10 గంటలు నడిస్తే ఏడున్నర యూనిట్లు, నెలకు 225. కొత్తది 180 వాట్లు, నెలకు 54 యూనిట్లే. మూడు కార్డులకు సరిపడే పెద్ద పవర్ సప్లై, తగిన మదర్‌బోర్డు వేరే కొనాలి. పైగా, కార్డులచేత లెక్కలు చేయించే క్యూడా అనే సాఫ్టువేరు 2025 ఆగస్టులో వచ్చిన 13వ కూర్పునుంచి 1080 టీఐ తరాన్ని వదిలివేసింది. పాత కూర్పులతో పని సాగుతుంది గాని, రానురాను దారి ఇరుకవుతుంది. మైపాడువంటి ఊళ్లలో ఉప్పుగాలి సంగతి సరేసరి. ఇనుప చువ్వలనే తినే గాలి, ఎనిమిదేళ్లు తిరిగిన ఫ్యానును విడిచిపెడుతుందా?

చేపల ఫోటోలు గుర్తుపట్టించే పనికి 16 గిగాబైట్లు ధారాళంగా చాలు. నిజానికి పాతది ఒక్కటైనా ఈడ్చుకు రాగలదు. మూడు ఎందుకూ? కొనేముందు గూగుల్ కోలాబ్‌లో, ఉచితంగా దొరికినంతసేపు వాడి చూడమని ఆ అమ్మాయికి చెప్పాను. రెండువారాలు వాడింది, తన పనికి ఎంత పలక కావాలో తెలుసుకున్నది. వేట మొదలై చేతిలో నాలుగు డబ్బులు ఆడిన తర్వాత, అప్పు చేయకుండా కొత్తది ఒక్కటే కొన్నారు.

ఇటువంటి బేరం మీ ఇంటికి వస్తే ముందుగా మూడు సంగతులు విచారించండి. పని ముక్కలుగా పంచడానికి వీలైనదేనా? ఒక్కొక్క ముక్క ఒక్కొక్క పలకమీద పడుతుందా? కరెంటు, విడిభాగాలు కలిపితే మూడేళ్లకు మొత్తం ఎంత? మూడింటికీ జవాబు అనుకూలమైతే పాతవి నిర్భయంగా కొనవచ్చు. ఒక్కటి ఎదురు తిరిగినా కొత్తది ఒక్కటే మేలు. అదికూడా అన్నిటికంటె ఖరీదైనది కానక్కరలేదు, పనికి సరిపోయేది చాలు.