గుండెపోటు తర్వాత మూలుగ చేసే పని

గుండెపోటు నుంచి ప్రాణం దక్కించుకున్న మనిషి ఒంట్లో మరమ్మతు వెంటనే మొదలవుతుంది. ఆ పని ఒక్క గుండెలోనే జరగదు. ఎముకల్లోని మూలుగ నుంచి కొన్ని కణాలు బయలుదేరి, రక్తంలో కలిసి, దెబ్బతిన్న చోటికి చేరతాయి. రక్తనాళాల లోపలి పొరను బాగుచేయడంలో, కొత్త సన్న నాళాలు మొలకెత్తడంలో వాటికి పాత్ర ఉంది.

ఈ సంగతి తెలిసి ఎంతో కాలం కాలేదు. 1997లో అమెరికాలోని బోస్టన్‌లో టకాయుకి అసహారా, జెఫ్రీ ఇస్నర్ బృందం పెద్దవాళ్ల రక్తంలో ఇలాంటి కణాలను గుర్తించింది. పుట్టాక కొత్త నాళాలు పక్కనున్న నాళం నుంచే చీలి పెరుగుతాయని అంతవరకూ అనుకునేవారు. 2001లో వెలువడిన పరిశోధనలో జపాన్ వైద్యులు గుండెపోటు రోగుల రక్తాన్ని రోజుల తరబడి పరీక్షించగా, ఈ కణాల సంఖ్య ఏడో రోజుకు బాగా పెరిగింది. వీటిలో చాలావరకు స్వయంగా నాళంగా మారవనీ, మరమ్మతుకు పనికొచ్చే పదార్థాలను విడుదల చేసి తోడ్పడతాయనీ తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఏమైనా ఇవి తక్కువగా ఉండటం మంచి సూచన కాదు. 2005లో వెలువడిన అధ్యయనంలో జర్మనీలోని 519 మంది హృద్రోగులను ఏడాది పాటు గమనిస్తే, ఈ కణాలు తక్కువున్నవారిలో గుండె జబ్బు మరణాలు ఎక్కువగా కనిపించాయి.

ఈ కణాలను కదిలించే సంకేతాల్లో హార్మోన్లూ ఉన్నాయి. నొప్పి మొదలవగానే అడ్రినలిన్, కార్టిసాల్ పెరుగుతాయి. థైరాయిడ్ హార్మోన్ టీ3, మగవారిలో టెస్టోస్టెరాన్ తొలి రోజుల్లో తగ్గుతాయి. మూత్రపిండాల్లో తయారయ్యే ఎరిత్రోపోయిటిన్ ఎర్ర రక్తకణాలతో పాటు ఈ కణాలనూ పెంచుతుంది. ఆడవారి ఈస్ట్రోజన్ కూడా మూలుగ నుంచి వీటిని బయటికి రప్పిస్తుందని ఎలుకల మీద ప్రయోగాల్లో తేలింది.

అలాగైతే తగ్గిన హార్మోన్‌ను ఇంజెక్షన్‌తోనో మాత్రతోనో నింపితే సరిపోదా? ఎంతో ఆశతో వైద్యులు అదీ చేసి చూశారు. 2011లో వెలువడిన అమెరికా పరీక్షలో ఎరిత్రోపోయిటిన్ ఇచ్చినా గుండె కండరానికి జరిగిన నష్టం తగ్గలేదు. 2020లో వెలువడిన పరీక్షలో బ్రిటన్ వైద్యులు థైరాయిడ్ కాస్త మందగించిన గుండెపోటు రోగులకు ఏడాది పాటు మాత్రలిచ్చినా, గుండె రక్తాన్ని పంపే శక్తి మెరుగుపడలేదు. ముట్లుడిగిన స్త్రీలకు గుండె రక్షణ అవుతుందని భావించిన హార్మోన్ల జంట మందు మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తోందని తేలి, 2002లో దాని మీద జరుగుతున్న పరీక్షను మధ్యలోనే ఆపేశారు. హార్మోన్లే కాదు, మూలకణాలతో (స్టెమ్ సెల్స్‌తో) గుండెను బాగుచేస్తామని డబ్బు అడిగేవారిని నమ్మడానికీ ఆధారం లేదు. మన దేశంలో కొన్ని రక్త సంబంధ వ్యాధులకు తప్ప అలాంటి చికిత్సను మామూలు వైద్యంగా అమ్మడానికి భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు ఒప్పుకోవు.

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ లాంటి ఊళ్లకు ఇందులో అసలు ముఖ్యమైన విషయం ఒకటుంది. మూలుగ కణాలు జోరందుకునేది ఏడో రోజుకు. నాళం మూసుకున్నాక గుండె కండరం చచ్చిపోయేది గంటల్లో. ఆలోపు నాళాన్ని తెరవగలిగేది వైద్యమే. నారాయణఖేడ్ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లకు పైనే. 2008లో వెలువడిన ఒక అధ్యయనం దేశంలోని 50 నగరాల ఆసుపత్రుల నుంచి 20 వేలకు పైగా రోగుల వివరాలు చూసింది. నొప్పి మొదలై ఆసుపత్రి చేరేసరికి మధ్యస్థంగా 360 నిమిషాలు, అంటే ఆరు గంటలు గడిచిపోయాయి. కంగ్టి, మనూరు వైపు తండాల్లో ఉన్నవారికి దారే ఇంకా దూరం. పైగా మన దగ్గర ఈ జబ్బు తొందరగా వస్తోంది. 52 దేశాల్లో జరిపిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియావాసులకు తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది, మిగతావారికి 59 దగ్గర. పల్లెలకు ఈ బాధ లేదనుకోవడమూ పొరపాటే. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాల కారణాలు ఆరా తీస్తే, దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బులవే.

ప్రాణం దక్కాక ఆ కణాలకు సాయం చేసే మార్గాలు మాత్రం మన చేతుల్లోనే ఉన్నాయి. క్రమం తప్పని వ్యాయామంతో హృద్రోగుల్లో ఇవి పెరిగాయి. పొగ మానేసిన కొద్ది వారాలకే పెరిగినట్టూ కనిపించింది. షుగర్ ఉన్నవారిలో ఈ కణాలు చురుగ్గా పనిచేయవు కాబట్టి దాన్ని అదుపులో ఉంచుకోవాలి. బీడీ ఒక్కటి కూడా వద్దు. నడక ఎంతసేపన్నది డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. స్టెంటు వేశారు కదా అని మందులు సొంతంగా ఆపకూడదు.

ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోవద్దు. ఆడవారిలో, షుగర్ ఉన్నవారిలో నొప్పి లేకుండా ఆయాసం, నీరసమే రావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి, దగ్గరి సర్కారు దవాఖానలో ముందు ఈసీజీ తీయమని అడగండి.