పడవల వెడల్పును బట్టి ఉత్సవస్థలము

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తియైన తరువాత డెల్టా కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక, చిరకాలము సరకుల రవాణాకు బాటలుగా కూడ నుండెడివి. రోడ్లు పెరిగిన కొలదియు ఆ రాకపోకలు సన్నగిల్లినవి. 2025 సంక్రాంతికి ఆత్రేయపురంవద్ద కాలువలో పడవ పందెములు జరిగినవి. అట్టి వేడుక తమ కాలువలో ఏల జరుపరాదని మండపేట ప్రాంతపు పంచాయితీ సభ్యులకు తోచుట సహజమే.

అయితే పందెము వేరు, పడవల ఉత్సవము వేరు. పందెపు పడవలను లారీపై తెచ్చి నీటిలో దింపవచ్చును. నలుదిక్కులనుండి పడవలు కూడవలెనన్నచో అవి నీటిదారినే రావలెను. కనుక మన రేవువద్ద కాలువ ఎంత విశాలముగా నున్నదను ప్రశ్న రెండవది. వచ్చు దారిలో మిక్కిలి ఇరుకైన లాకు, లేక వంతెన ఖానా, ఎంత వెడల్పన్నదే మొదటి ప్రశ్న.

ఇంగ్లండులో 1950లో మార్కెట్ హార్‌బరో పట్టణమున పడవల ఉత్సవము జరిగినది. ఆ ఊరికి ఉత్తరమునుండి వచ్చు లాకులు సుమారు 14 అడుగుల వెడల్పుగలవి. దక్షిణమునుండి వచ్చువారు మాత్రము ఫాక్స్‌టన్ లాకులు దాటవలెను. వాని వెడల్పు 7 అడుగులే. సన్నని పడవలకు రెండు దారులును తెరచియున్నవి; వెడల్పు పడవలకు ఒక్కటే. మండపేట కాలువకును ఇట్టి లెక్కయే వేసికొనవలెను.

పడవ వెడల్పును అడుగున గాక పైయంచులవద్ద కొలువవలెను. తెడ్లతో నడుపు పడవకు తెడ్లు చాచినప్పటి వెడల్పే వెడల్పు. గడవేసి నడుపు పడవకు అంత చోటక్కరలేదు. ఉదాహరణకు 12 అడుగుల ఇరుకులో 4 అడుగుల పడవలు రెండు ఎదురెదురుగా సాగిపోగలవు. 9 అడుగుల పడవ ఒక్కటే పట్టును. దానికి వేళలు నిర్ణయింపవలెను. కాలువ గట్లు ఏటవాలుగా నుండుటచే నీరు తగ్గిన కొలదియు దారియు ఇరుకగును. అందుచే నిండుకాలువనాటి కొలత నమ్మదగదు. పడవ నిడివికి మించిన చోటు లేనిదే వెనుకకు తిరుగుటయు సాధ్యముకాదు. లాకు తలుపులు పనిచేయనిచో ఆ దారిని లెక్కనుండి తీసివేయవలెను.

కాలువలో పట్టని పడవలను గోదావరికి పంపుదమని కొందరనవచ్చును. అది వరద లేని రోజులకే తగును. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరువద్ద విహారనౌక మునిగి అనేకులు మరణించిన సంగతి మరువరాదు. మా అభిప్రాయమున, వెడల్పు పడవలను ఇరుకునకు ఈవలనే నిలిపి, సన్నపడవలనే వానియొద్దకు రప్పించుట మేలు. రేవు ఏ ఊరిదను పట్టుదల ఇందు పనికిరాదు.

మరపడవల అలలు మట్టిగట్లను కోసివేయును. గండిపడినచో నష్టము రైతుదే. కావున జలవనరుల శాఖ అనుమతి పొందిన పిమ్మటనే తేదీ ప్రకటింపవలెను. అంతకుముందు, రాదలచిన పడవలలో అన్నిటికంటె వెడల్పైనదానికి ఇరుప్రక్కల మూరెడు హెచ్చుగా వెదురుగడను కోసి, చిన్నదోనెపై అడ్డముగా పెట్టి దారియంతయు నడిపించి చూడుడు. గడ తగిలిన చోటును గట్టుపై గుర్తు పెట్టించుడు.