సెలవుల సభ్యత్వ పథకం

సెలవుల సభ్యత్వ పథకం అనగా ఒక కుటుంబం కొంత సొమ్మును ముందుగా చెల్లించి, ఒక సంస్థకు చెందిన రిసార్టులలో ఏటా నిర్ణీత దినాలు బస చేసే హక్కును దీర్ఘకాలానికి పొందే ఏర్పాటు. దీనినే టైమ్‌షేర్ అని, వెకేషన్ ఓనర్‌షిప్ అని కూడా వ్యవహరిస్తారు. భారతదేశంలో బాగా కనిపించే రూపం ఏడాదికి ఏడు రోజుల చొప్పున ఇరవై ఐదేళ్ల సభ్యత్వం. పేరులో యాజమాన్యం అన్న మాట ఉన్నప్పటికీ మన దేశంలో అమ్ముడయ్యే వాటిలో అధిక భాగం ఆస్తి హక్కు కాదు, వాడుక హక్కు మాత్రమే. దంపతులు, కుటుంబాలు వీటిలో ఎందుకు చేరుతారన్న విషయాన్ని నిజామాబాదు జిల్లాలోని బాల్కొండ, ఆర్మూరు, బోధన్ ప్రాంతాల జీవన పరిస్థితులను ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసంలో వివరించడం జరిగింది.

చరిత్ర

ఈ పద్ధతి 1960వ దశకంలో ఐరోపాలో పుట్టింది. స్విట్జర్లాండులో 1963లో ఏర్పడిన హాపిమాగ్ సంస్థ తొలి సంస్థలలో ఒకటి. అదే దశకంలో ఫ్రాన్సులోని ఆల్ప్స్ పర్వతాలలో ఒక మంచు క్రీడల విడిది కూడా గదులను వారాల లెక్కన అమ్మింది. తరువాత ఇది అమెరికాకు పాకింది. ఒక చోటి వారాన్ని మరొక చోటి వారంతో మార్చుకొనే సౌకర్యాన్ని కల్పించే ఆర్.సి.ఐ. సంస్థ 1974లో ఇండియానా రాష్ట్రంలో మొదలైంది. కొన్నది ఒకే ఊళ్లో అయినా వేరే ఊళ్లో దిగవచ్చు అన్న ఈ వెసులుబాటు వల్లనే వ్యాపారం విస్తరించిందని చెప్పవచ్చు.

భారతదేశంలో చెన్నై కేంద్రంగా 1986లో స్థాపితమైన స్టెర్లింగ్ హాలిడే రిసార్ట్స్ దీనికి ఆద్యురాలు. ఊటీ, కొడైకెనాల్ విడుదులతో పేరు పొందిన ఈ సంస్థ 1990వ దశకం చివర ఆర్థిక ఇబ్బందులలో పడింది. 2014లో థామస్ కుక్ ఇండియా దీనిని తనలో కలుపుకొనే ఏర్పాటును ప్రకటించింది. మహీంద్రా హాలిడేస్ సంస్థ 1996లో ఏర్పడి, మున్నారులో తొలి రిసార్టుతో ప్రారంభమై, క్లబ్ మహీంద్రా పేరుతో దాదాపు మూడు లక్షల కుటుంబాలను సభ్యులుగా చేర్చుకొంది. హైదరాబాదు బేగంపేటలో 1989లో మొదలైన కంట్రీ క్లబ్ తెలుగువారికి బాగా తెలిసిన పేరు. క్లబ్బు సభ్యత్వాన్ని, సెలవుల బసను కలిపి అమ్మడం దాని ప్రత్యేకత.

పూర్వపు ఏర్పాట్లు

ముందుగా సొమ్ము కట్టి, తరువాత ఎన్నో ఏండ్లు బస పొందడం తెలుగువారికి పూర్తిగా కొత్త కాదు. తిరుమలలో కాటేజీల నిర్మాణానికి విరాళమిచ్చిన దాతలకు ఏటా కొన్ని దినాలు అక్కడ దిగే అవకాశం ఉంటూ వచ్చింది. శ్రీశైలం, బాసర వంటి క్షేత్రాలలో కుల సంఘాల సత్రాలు ఉన్నవి. సత్రానికి గది కట్టించిన కుటుంబం పేరు గోడ మీద రాతిపలకలో ఉంటుంది, ఆ కుటుంబం వెళ్లినప్పుడు గౌరవంగా గది ఇస్తారు. అయితే అక్కడ ఇచ్చేది దానం, దొరికేది గౌరవం. ఇక్కడిది కొనుగోలు. ఈ తేడా చాలామందికి స్ఫురించదు. సత్రానికి ఇచ్చిన సొమ్ము గురించి ఎవరూ లాభనష్టాలు చూసుకోరు గనుక, ఆ అలవాటుతోనే ఇక్కడా లెక్క వేయకుండా సంతకం చేసే ప్రమాదం కలదు.

నిజామాబాదు జిల్లా కుటుంబాలకు ప్రయాణం అంటే చాలాకాలం యాత్రయే. రాయలసీమ ఎక్స్‌ప్రెస్‌లో తిరుపతి, అజంతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి మన్మాడు మీదుగా షిరిడీ, దగ్గరలో బాసర. యాత్ర కాకపోతే చుట్టాలింటి పెళ్లి. ఏ పనీ లేకుండా, ఏ దేవుడూ లేని ఊరికి, కేవలం విశ్రాంతి కొరకు వెళ్లడం అన్నది గత ముప్పై నలభై ఏండ్లలో మధ్యతరగతికి వచ్చిన ఆలోచన. అలా వెళ్లడానికి ఒక సాకు కావలసి ఉంటుంది. డబ్బు ముందే కట్టేశాము గదా అన్నది చాలా బలమైన సాకు.

చేరడానికి కారణాలు

కట్టిన సొమ్ము వృథా పోకూడదన్న భావమే అన్నింటికంటె ముఖ్యమైన కారణం. చిట్టీ వేసేవారికి ఈ సంగతి బాగా అర్థమవుతుంది. చిట్టీలో వచ్చే లాభం కోసం కాక, నెలనెలా కట్టక తప్పదన్న నిర్బంధం కోసం చిట్టీ వేసే గృహిణులు ప్రతి వీధిలోనూ ఉంటారు. చేతిలో ఉంటే ఖర్చయిపోయే డబ్బును ఈ నిర్బంధం నిలబెడుతుంది. అట్లే, ఈ సంవత్సరం వద్దు, వచ్చే సంవత్సరం చూద్దాం అని దాటిపోయే సెలవును సభ్యత్వం నిలబెడుతుందని ఆశిస్తారు. కనుక వీరు నిజానికి కొంటున్నది గదిని కాదు, కుటుంబమంతా కలిసి వెళ్తామన్న హామీని. ఈ కోరిక న్యాయమైనదే. దానిని తెలివితక్కువతనంగా కొట్టిపారవేసేవారు ఇరవై ఏండ్లపాటు ఒక్కసారి కూడా విహారానికి వెళ్లని కుటుంబాలను చూసి ఉండరు.

రెండవ కారణం ఇల్లాలి విశ్రాంతి. చుట్టాలింటికి వెళితే అక్కడి వంటలో చేయి వేయాలి. సత్రంలో దిగితే నీళ్లు, బట్టలు, పిల్లలు అన్నీ ఆమె బాధ్యతే. రిసార్టులో మంచం మీది దుప్పటి కూడా ఇంకొకరు మారుస్తారు. అందుకే చాలా ఇళ్లలో ఖర్చు గురించి జంకేది భర్త, వెళ్దామని నిర్ణయించేది భార్య. ఇది తెలిసియే అమ్మకందారులు దంపతులిద్దరూ కలిసి రావాలని నియమం పెడతారు. ఒక్కరే వస్తే, ఇంటికి వెళ్లి అడిగి చెబుతాను అని లేచిపోవచ్చు గదా!

వసతి స్వరూపం మూడవది. హోటలు గదిలో ఇద్దరు పడుకోవచ్చు. తాతమ్మలతో, పిల్లలతో కలిపి ఆరుగురు వెళితే మూడు గదులు కావాలి. ఈ రిసార్టులలో పడకగదులతో పాటు ముందుగది, కొన్నింటిలో చిన్న వంట వసతి కలిగిన భాగాలు ఉంటాయి. మధుమేహం ఉన్న పెద్దవారికి వేళకు జొన్నరొట్టె చేసి పెట్టుకోవచ్చు, వెంట తెచ్చుకొన్న పచ్చళ్లు తినవచ్చు. శుభ్రత విషయంలో ఏ ఊరికి వెళ్లినా దాదాపు ఒకే ప్రమాణం ఉంటుందన్న నమ్మకం కూడా ముసలివారిని, పసివారిని తీసుకొని వెళ్లేవారికి చిన్న విషయం కాదు. హోదా, ధరలు పెరుగుతాయన్న భయం, పిల్లలకు మిగులుతుందన్న ఊహ మొదలైనవి తరువాతి కారణాలు.

అమ్మకపు సభ

పెట్రోలు బంకు దగ్గరో, షాపింగ్ మాల్‌లోనో, ఎగ్జిబిషన్‌లోనో ఒక కూపను నింపించుకుంటారు. కొన్నాళ్లకు మీకు బహుమతి వచ్చింది, దంపతులిద్దరూ వచ్చి తీసుకొనండి అని ఫోను వస్తుంది. హోటలులో సమావేశం గంటన్నర అంటారు, మూడు గంటలు దాటుతుంది. భోజనం పెడతారు, కొండల చిత్రాలు చూపుతారు, మీరు గత ఐదేళ్లలో ఎన్నిసార్లు పిల్లలను బయటికి తీసుకెళ్లారని మర్యాదగా అడుగుతారు. ఈ ప్రశ్నకు పిల్లల ఎదుట జవాబు చెప్పడం ఏ తండ్రికైనా కష్టమే. ఈ తగ్గింపు ఈ రోజుకు మాత్రమే అన్న మాట చివర వస్తుంది. అన్నం పెట్టినవారికి లేదని చెప్పలేని మొహమాటం మన సంస్కారంలో ఉన్నది. బాల్కొండ నుండి సుమారు రెండువందల కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాదు వెళ్లినవారికి ఉత్త చేతులతో తిరిగి రావడానికి మనసొప్పదు.

పంటల కాలం, సెలవుల కాలం

పథకంలో చేరేవారు ధర గురించి అడిగినంతగా కాలం గురించి అడగరు. ఏడాదిని రద్దీని బట్టి భాగాలు చేసి ఒక్కొక్కదానికి ఒక్కొక్క వెల నిర్ణయిస్తారు. మహీంద్రా పథకంలో ఇవి పర్పుల్, రెడ్, వైట్, బ్లూ అనే నాలుగు రంగులు. ఎక్కువ వెల రంగు కొన్నవారు తక్కువ రద్దీ దినాలలోనూ వెళ్లవచ్చు, తక్కువ వెల రంగు కొన్నవారికి రద్దీ దినాలలో హక్కు ఉండదు.

బాల్కొండ, ఆర్మూరు ప్రాంతం పసుపు పంటకు ప్రసిద్ధం. జూన్‌లో విత్తిన పసుపును జనవరి నుండి మార్చి వరకు తవ్వుతారు. తరువాత ఉడకబెట్టడం, ఆరబెట్టడం, పాలిష్ పట్టడం, నిజామాబాదు మార్కెట్టుకు తోలడం. అది తీరేసరికి యాసంగి వరి కోతకు వస్తుంది. రైతు కుటుంబానికి ఊపిరి సలిపేది మే నెలలో. బోధన్ వైపు చెరకు రైతులకు చలికాలమంతా గానుగ కాలమే. శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడేవరకు అక్కడి ఉద్యోగుల సెలవులు కూడా ఆ కాలాన్ని బట్టియే నడిచాయి. ఉపాధ్యాయ దంపతుల సంగతి మరీ స్పష్టం. దసరా, సంక్రాంతి, ఏప్రిల్ చివరి వారం నుండి జూన్ రెండవ వారం వరకు వేసవి, ఇంతే. అంటే ఈ ముగ్గురికీ తీరిక ఉండేది దేశమంతా బయలుదేరే రద్దీ కాలంలోనే. వెల తక్కువని జూలై, ఆగస్టులకు పనికివచ్చే రంగు కొన్న ఉపాధ్యాయునికి ఆ కాగితం వల్ల ప్రయోజనం ఉండదు. ఎక్కువ వెల రంగు కొన్నా, ఆ దినాలకు గదులు నెలల ముందే నిండిపోతాయి. గది దొరకలేదు అన్నది ఈ పథకాలపై వినవచ్చే ఫిర్యాదులలో ప్రధానమైనది.

గల్ఫ్ వలస ఎక్కువగా ఉన్న ఈ గ్రామాలలో ఇంకొక చిక్కు కలదు. ఒప్పందం ప్రకారం రెండేండ్లకొకసారి నెలో, రెండు నెలలో సెలవు మీద వచ్చే మనిషికి ఏటా ఏడు రోజుల హక్కు సగం వృథాయే. వాడని దినాలను తరువాతి సంవత్సరానికి కలుపుకొనే సౌకర్యం సాధారణంగా ఉంటుంది గాని దానికి పరిమితి ఉంటుంది. పైగా వచ్చిన ఆ నెలలోనే పెళ్లిళ్లు, ఇల్లు కట్టడం, బ్యాంకు పనులు అన్నీ ఉంటాయి.

లెక్క

ఉదాహరణకు ఒక సభ్యత్వం వెల 3 లక్షల రూపాయలు, కాలం 25 ఏండ్లు, వార్షిక నిర్వహణ రుసుము 18,000 రూపాయలు అనుకొందాం. అమ్మకపు సభలో 3 లక్షలను 175 రాత్రులతో భాగించి, రాత్రికి 1,714 రూపాయలే అని చూపుతారు. ఈ లెక్కలో రెండు విషయాలు లోపించినవి. మొదటిది, వార్షిక రుసుము రాత్రికి 2,571 రూపాయలు అవుతుంది. రెండవది, 3 లక్షలు ఊరికే ఉండవు. 7 శాతం వడ్డీతో బ్యాంకులో ఉంచి, 25 ఏండ్లలో అసలు, వడ్డీ పూర్తిగా తీరేటట్లు తీసుకొంటే ఏటా సుమారు 25,743 రూపాయలు, అనగా రాత్రికి 3,678 రూపాయలు వస్తాయి. రెండూ కలిపితే రాత్రికి 6,249 రూపాయలు. ఏటా ఏడు రాత్రులకు బదులు నాలుగే వాడుకొంటే అదే 10,936 రూపాయలు అవుతుంది. దారి ఖర్చు, భోజనం వేరు. వార్షిక రుసుము స్థిరంగా ఉండదు. ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్లలో రెట్టింపవుతుంది.

ఈ లెక్క ప్రకారం పథకం అందరికీ నష్టమని అర్థం కాదు. మే నెలలో మంచి రిసార్టులో ఆరుగురికి సరిపోయే భాగం అంతకంటె ఎక్కువే కావచ్చు. ఏటా తప్పక ఏడు రోజులూ వెళ్లే కుటుంబానికి గిట్టుబాటవుతుంది, అప్పుడప్పుడు వెళ్లేవారికి కాదు. వాయిదాలలో కొన్నవారు వడ్డీని కూడా కలుపుకోవాలి.

ఆస్తి, పెట్టుబడి అన్న భావన

మన ప్రాంతంలో ఆస్తి అంటే పట్టా పాసుపుస్తకం, సబ్ రిజిస్ట్రారు ముద్ర. వాడుక హక్కు సభ్యత్వంలో అవి రెండూ ఉండవు. పిల్లల పేర బదిలీ చేయవచ్చు గాని మిగిలిన కాలానికి మాత్రమే, వార్షిక రుసుము బాధ్యతతో సహా. అమ్ముకుందామంటే కొనేవారు అరుదు. మానుకొంటే తిరిగి వచ్చేది కూడా తక్కువ. మహీంద్రా సంస్థ పూర్వపు లెక్కలలో సభ్యత్వపు సొమ్ములో 60 శాతాన్ని తిరిగి ఇవ్వనక్కరలేని ప్రవేశ రుసుముగాను, 40 శాతాన్ని కాలక్రమాన హక్కు రుసుముగాను చూపేవారు. 2018 ఏప్రిల్ 1 నుండి అమలైన కొత్త లెక్కల ప్రమాణం ప్రకారం ఆదాయాన్ని సభ్యత్వ కాలమంతటికీ పరచి చూపవలసి వచ్చింది. ఇది సంస్థ పద్దులకు సంబంధించిన మార్పు. సభ్యునికి వాపసు ఎంత అన్నది అతని ఒప్పందాన్ని బట్టియే ఉంటుంది.

బసను పెట్టుబడిగా అమ్మిన ఉదంతాలు కూడా ఉన్నవి. ముంబయి కేంద్రంగా నడిచిన పాన్‌కార్డ్ క్లబ్స్ హోటలు గది రాత్రులను అమ్ముతూ, వాడుకోకపోతే కాలం తీరాక ఎక్కువ సొమ్ము ఇస్తామన్నది. ఇది అనుమతి లేని సామూహిక పెట్టుబడి పథకమని సెబీ తేల్చి, 2016 ఫిబ్రవరిలో సుమారు 7,035 కోట్ల రూపాయలు తిరిగి ఇవ్వవలసిందిగా ఆదేశించింది. మదుపు చేసినవారు 50 లక్షలకు పైగా. వాడుకోకపోయినా డబ్బు వస్తుంది అని ఎవరైనా చెబితే అది సెలవుల పథకం కాదని గ్రహించాలి.

చట్టం

ఐరోపా సమాఖ్య 2008 నాటి ఆదేశం ప్రకారం కొనుగోలుదారు 14 రోజులలో కారణం చెప్పకుండానే ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. ఆ గడువులో ముందస్తు సొమ్ము తీసుకోరాదు, పెట్టుబడి అని చెప్పి అమ్మరాదు. అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రంలో ఈ గడువు పది రోజులు. ఓర్లాండో చూడబోయి చౌక టిక్కెట్ల కోసం ఇటువంటి సభలలో కూర్చొనే మన ప్రవాసులు దీనిని గుర్తుంచుకోవడం మంచిది.

భారతదేశంలో దీనికి ప్రత్యేక చట్టం లేదు. కొన్ని సంస్థలు తమ ఒప్పందంలో పది రోజుల వంటి గడువు ఇస్తున్నవి. ఆ షరతు ఏ పేజీలో ఉన్నదో సంతకానికి ముందే చూడాలి. వివాదం వస్తే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది. ఇది 2020 జూలై నుండి అమలులో ఉన్నది. సంస్థ కార్యాలయం హైదరాబాదులోనో, ముంబయిలోనో ఉన్నప్పటికీ, ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. బాల్కొండ వాసికి అది నిజామాబాదు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు దాటకపోతే రుసుము లేదు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుండి రెండేండ్లలోపు వేయాలి. జాతీయ వినియోగదారుల సహాయ ఫోను సంఖ్య 1915. అమ్మకపు సభలో నోటిమాటగా చెప్పినవి కమిషన్ ముందు నిరూపించడం కష్టం గనుక ప్రతి హామీని కాగితం మీద రాయించుకొని, సంతకం, తేదీ వేయించుకోవాలి.