5.4 అరెజ్జో బల్లెం పోటీ: పండుగలో కలిసిన మూడు కాలాలు

ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో అరెజ్జో ఒక ప్రాచీన నగరం. అక్కడ ఏటా రెండుసార్లు, జూన్‌లో ఒక శనివారం రాత్రి, సెప్టెంబర్ మొదటి ఆదివారం పగటిపూట, 'జోస్త్రా దెల్ సరచీనో' జరుగుతుంది. జోస్త్రా అంటే రౌతులు బల్లెం పట్టి ఆడే పోటీ. మధ్యయుగ క్రైస్తవ యూరప్ ముస్లింలను 'సరచీనో' వంటి పేర్లతో పిలిచేది.

5.4.1 ఊరేగింపు, పోటీ

క్రుచీఫెరా, ఫోరో, సాంతాంద్రేయా, సాంతో స్పిరితో అనే నాలుగు పేటలు ఇందులో పోటీపడతాయి. ఒక్కొక్క పేటకు తనవైన రంగులున్నాయి. పోటీకి ముందు వందలమంది 14వ శతాబ్దపు తీరు దుస్తులు ధరించి, బాకాలు, డోళ్ల మధ్య ఊరేగుతారు. జెండాలను పైకి విసిరి పట్టుకునే కళాకారులు ప్రత్యేక ఆకర్షణ.

పోటీ స్థలం పియాట్సా గ్రాండే అనే వాలుగా ఉన్న కూడలి. అక్కడ 'ఇండీస్ రాజు బురాత్తో' అనే బొమ్మను నిలుపుతారు. (ఇక్కడ 'ఇండీస్' అంటే మన దేశమే కాదు, ఆనాటి యూరోపియన్లు దూరదేశాలన్నింటికీ వాడిన మాట.) పేటకు ఇద్దరు రౌతులు. గుర్రాన్ని దౌడు తీయిస్తూ బొమ్మ చేతిలోని డాలును బల్లెంతో కొట్టాలి. తగిలిన చోటును బట్టి 1 నుంచి 5 పాయింట్లు వస్తాయి. బల్లెం విరిగితే పాయింట్లు రెట్టింపు. దెబ్బకు బొమ్మ గిర్రున తిరుగుతుంది. దాని రెండో చేతిలోని గుండ్ల కొరడా తగిలితే రౌతు పాయింట్లు కోల్పోతాడు. గెలిచిన పేటకు 'బంగారు బల్లెం' దక్కుతుంది.

5.4.2 ఇది ఎంత పాతది?

ఇలాంటి పోటీలు అరెజ్జోలో 16, 17 శతాబ్దాలలో జరిగేవి. తరువాత క్రమంగా ఆగిపోయాయి. ఇప్పటి ఉత్సవం 1931లో, ముస్సోలినీ ఫాసిస్టు పాలనలో పునరుద్ధరించినది. జాతీయాభిమానాన్ని, పర్యాటకాన్ని పెంచడానికి ఆ ప్రభుత్వం ఇలాంటి వేడుకలను ప్రోత్సహించింది. అంటే దుస్తులు ఒక కాలానివి, ఆట మరో కాలానిది, నిర్వహణ ఇంకో కాలానిది. ఎరిక్ హాబ్స్‌బామ్, టెరెన్స్ రేంజర్ సంపాదకత్వంలో 1983లో వెలువడిన గ్రంథం ఇలాంటి వాటిని 'కల్పిత సంప్రదాయాలు' అన్నది.

అలాగని ఈ పండుగ బూటకమని తేల్చివేయరాదు. రౌతులు, పేటల ప్రజలు దీనికోసం ఎంతో ముందునుంచే సాధన చేస్తారు. గెలుపోటములను తమవిగా భావిస్తారు. సంప్రదాయానికి ప్రాణం దాని వయసు కాదు, అందులో పాల్గొనే మనుషులు. అదే సమయంలో, పరమతస్థుణ్ణి శత్రువుగా నిలిపిన పాత చూపు ఆ బొమ్మలో మిగిలే ఉందనీ గుర్తించాలి. ఏ ఉత్సవాన్ని అధ్యయనం చేసినా ఈ రెండు కోణాలూ అవసరమే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
మీ ప్రాంతంలోని ఒక ఉత్సవాన్ని ఎంచుకోండి. అందులో ఏ అంశం ఏ కాలంలో చేరిందో పెద్దలను అడిగి, పది వాక్యాలలో రాయండి.